రేగులపాడులో విడవని గ్రహణం

రేగులపాడు హైస్కూల్లో సైన్సు చెప్పే అంకమ్మరావు మాస్టారి బతుకును మలుపు తిప్పింది ఒక గుడ్డపేలిక. ఈ మాట ఆయనే పదిమందిలో చెప్పుకుంటారు, కాస్త గర్వంగా కూడాను.

ఆయన నిక్కర్లు వేసుకునే రోజుల్లో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. పట్టపగలు చుక్కలు కనబడతాయని పేపర్లో రాశారు. నాయనమ్మ పిచ్చమ్మకు పేపరంటే నమ్మకం లేదు, రాహువంటే ఉంది. ఊరగాయ జాడీల మీద గరిక వేసి, మనవణ్ణి కూడా ఆ జాడీల గదిలోనే పెట్టి, బయట గొళ్లెం పెట్టింది. తలుపుకు తాళంచెవి కన్నం ఒకటుంది. కుర్రాడు దానికి కన్ను ఆనించే లోపల అవతలినుంచి పాత చీర పేలిక ఒకటి వచ్చి కన్నంలో దూరింది.

"కళ్లు పోతాయిరా సన్నాసీ!" అన్న గొంతు దాని వెనకాలే వచ్చింది.

బయట చీకటి పడిందో, చుక్కలు పొడిచాయో, కోళ్లు గూళ్లెక్కాయో ఆయనకు తెలియదు. ఆ సంపూర్ణ సూర్యగ్రహణం గురించి ఆయన దగ్గరున్న ప్రత్యక్ష జ్ఞానమంతా మాగాయ వాసన.

ఆ చీకటి గదిలోనే శపథం చేశాడు: పెద్దయ్యాక సైన్సు మాస్టారై, పిల్లలందరినీ ఆరుబయట నిలబెట్టి గ్రహణం చూపించాలి. శపథంలో సగం నెరవేరింది. సైన్సు మాస్టారయ్యారు. రెండో సగానికే అడ్డంకులు. ఒక గ్రహణానికి ఎలక్షన్ డ్యూటీ వేశారు. ఇంకోదానికి పరీక్ష పేపర్లు దిద్దమని తలుపులు మూసిన హాల్లో కూర్చోబెట్టారు. మరోదానికి అన్నీ కుదిరాయి గానీ ముసురు పట్టింది. అలా సర్వీసంతా గ్రహణం పాఠం చెప్పుకొచ్చారే తప్ప గ్రహణాన్ని కళ్లారా చూసింది లేదు. వంద పెళ్లిళ్లు చేయించిన బ్రహ్మచారి పురోహితుడి లాంటి వాణ్ణని తన మీద తానే జోకు వేసుకునేవారు.

ఇక రిటైర్మెంటుకు ముందు ఆఖరి గ్రహణం ఒకటి మిగిలింది. మళ్లీ రేగులపాడు నుంచి కనబడేదాకా మాస్టారు ఉంటారో లేదో పంచాంగం చెప్పలేదు. అందుకని ఏడాది ముందునుంచే మిఠాయి డబ్బాలు, చెప్పుల డబ్బాలు పోగేశారు. డబ్బాకు ఒకవైపు సూదితో బెజ్జం పొడిచి, రెండోవైపు తెల్లకాగితం అంటిస్తే సూర్యుడి బొమ్మ కాగితం మీద పడుతుంది. కళ్లకు హాని లేదు, పైసా ఖర్చు లేదు. పదో తరగతి వాళ్లకు మాటిచ్చేశారు.

"మిమ్మల్ని గదిలో పెట్టి తాళం వేసేవాడు ఎవడైనా వస్తే నాతో చెప్పండి. వాడి సంగతి నేను చూస్తా."

ఆ వచ్చేవాడు తానేనని ఆయనకు అప్పటికి తెలియదు.

సరిగ్గా ఆ ఏడే ప్రభుత్వం వారు 'సర్వశాస్త్రదర్శిని' అనే ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చారు. సైన్సులో ఉన్న ప్రతి పాఠం, ప్రతి ప్రయోగం, ప్రతి కప్ప అందులో ఉన్నాయి. జిల్లాలో సైన్సు మాస్టర్లందరికీ శిక్షణ పెట్టారు. దర్శిని సమన్వయాధికారి విశ్వప్రకాశ్ గారు మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కాలో వేదికెక్కారు.

"మిత్రులారా! ఇకపై విజ్ఞానం సుద్దముక్కలో ఉండదు. వేలికొసలో ఉంటుంది. అభ్యాసకుడు ఎక్కడుంటే విశ్వం అక్కడికి వస్తుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక మాస్టారు లేచి పోర్టల్ మీద నాలుగు పద్యాలు చదివితే ఆయనకు శాలువా కప్పారు. ముదురు నీలం రంగు, జరీ అంచు. రెండో వరసలో కూర్చున్న అంకమ్మరావు మాస్టారి కన్ను ఆ అంచు మీద పడింది. అంతే, కాళ్లు వాటంతటవే లేచాయి. పద్యాలు రావు కాబట్టి నోటికి వచ్చింది మాట్లాడారు.

"అయ్యా, చిన్న మనవి. పిల్లలు పోర్టల్లో ఒక ప్రయోగం చూస్తారు. అదే మళ్లీ మేం బల్ల మీద చేసి చూపిస్తాం. రెండూ ఒకలా రాకపోతే పాపం వాళ్లు దేన్ని నమ్మాలి? కాబట్టి పోర్టల్లో ఉన్నదాన్ని మళ్లీ బయట చూపించకూడదని ఒక రూలు పెడితే, బిడ్డలకు తికమక ఉండదని నా అభిప్రాయం."

విశ్వప్రకాశ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది అభిప్రాయం కాదు మాస్టారూ. దార్శనికత!"

శాలువా వచ్చింది. అదేం చిత్రమో మెరూన్ రంగుది వచ్చింది, అంచు కూడా సన్నం. అయినా శాలువా శాలువాయే కదా అని మాస్టారు బస్సులో ఊరిదాకా దాన్ని భుజం మీద నుంచి తియ్యలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పోర్టల్లో లభ్యమగు ఏ ప్రకృతి దృగ్విషయాన్నీ వాస్తవ రూపంలో ప్రదర్శించరాదు. దీనికి 'రేగులపాడు సూత్రం' అని పేరు. ఊరి పేరు ఉత్తర్వులో పడినందుకు పంచాయతీ వారు ఫ్లెక్సీ కట్టించారు.

సూత్రం ప్రకారం మాస్టారు ప్రయోగశాల బీరువాకు తాళం వేశారు. అయస్కాంతం, గుండుసూదులు, లిట్మస్ కాగితాలు, గాజుపట్టకం అన్నీ లోపలికి పోయాయి. పిల్లలు తెర మీద వేలితో గీస్తే బొమ్మ అయస్కాంతం బొమ్మ సూదుల్ని లాగేది. పోర్టల్లో చిక్కుడు గింజ చిటికె వేసేలోపు మొలకెత్తి, తీగ సాగి, కాయ కాసేది. తొమ్మిదో తరగతి దీవెన వాళ్లింట్లో తడిబట్టలో కట్టిన గింజ నాలుగు రోజులైనా మొలకెత్తక, ఎత్తినప్పుడు వంకరగా ఎత్తింది. పోర్టల్లో మొలక నిటారుగా ఉంది. మాస్టారు పై వారికి రాసి అడిగితే ఠక్కున జవాబొచ్చింది. 'వాస్తవానికీ పోర్టల్‌కూ తేడా వచ్చినచో, సదరు వాస్తవమును స్థానిక లోపముగా పరిగణించవలెను.'

"అమ్మా దీవెనా, మీ చిక్కుడుగింజ స్థానిక లోపం" అని మాస్టారు తీర్పు చెప్పారు.

"మరి మా అమ్మ దాన్ని పాదులో పెట్టేసింది సార్. పీకెయ్యమంటారా?"

"ఉండనీ. కాయలు కాస్తే చూద్దాం."

ఇలా సాఫీగా సాగిపోతుండగా గ్రహణం దగ్గరపడింది. ఒక పొద్దున హెడ్మాస్టరమ్మ సువార్తమ్మ గారు మాస్టార్ని తన గదిలోకి పిలిచి, ఫోనులో వచ్చిన కొత్త ఉత్తర్వు చదివి వినిపించారు. సూర్యగ్రహణం దర్శినిలో ప్రత్యక్ష ప్రసారమవుతుంది. కావున రేగులపాడు సూత్రాన్ని అనుసరించి ఏ పాఠశాలా వాస్తవ సూర్యుని వినియోగించరాదు. పిల్లలు గదిలో కూర్చుని తెర మీద చూడాలి. తెర మీద ఎండ పడకుండా తలుపులు, కిటికీలు మూసివేయాలి. ప్రసారం నూటికి నూరు శాతం పూర్తయ్యేవరకు ఎవరూ బయటికి పోరాదు. సూత్రానికి జన్మస్థానమైనందున రేగులపాడుకు సమన్వయాధికారి స్వయంగా వేంచేస్తారు.

సువార్తమ్మ గారు ఫోను బల్ల మీద పెట్టారు.

"మీరు తవ్విన గోతిలో మీరే పడ్డారు మాస్టారూ. పడితే పడ్డారు, శాలువా కప్పుకుని మరీ పడ్డారు."

"పోనీ, ఒక్క పావుగంట పిల్లల్ని వరండాలోకి..."

"ఆయన వస్తన్నాడయ్యా! మీ సూత్రాన్ని మీ బళ్లోనే కాదంటే, ఆ శాలువాతో పాటు మీ పెన్షను కాయితాలు కూడా లాక్కుంటాడు. నోరు మూసుకుని కిటికీలు మూయించండి."

మాస్టారు నోరు మూసుకున్నారు. పోగేసిన డబ్బాలన్నీ బళ్లో మధ్యాహ్న భోజనం వండే వెంగమ్మకు ఇచ్చేశారు. పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తాయని ఆవిడ సంతోషించింది.

గ్రహణం నాడు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మబ్బు తునక లేదు. ఏ గ్రహణానికీ రాని ఎండ ఆ పూట కాసింది. మాస్టారు స్వహస్తాలతో తూర్పు కిటికీలు మూశారు. పైనున్న వెంటిలేటరుకు రేకుముక్క కొట్టించారు. పదో తరగతి పిల్లల్ని లోపలికి పంపి తలుపు గడియ పెడుతుంటే, ఎక్కడిదో మాగాయ వాసన ఒక్కసారి ముక్కును తాకింది. పక్కనే వంటగది ఉందిలే అని సర్దిచెప్పుకున్నారు.

వంటగదిలో వెంగమ్మ తన ఏర్పాట్లు తాను చేసుకుంది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినప్పుడు రోకలి నిలబడుతుందని, విడిచినప్పుడు దానంతటదే పడిపోతుందని ఆ ఊరి నమ్మకం. రోకలి పడేదాకా పొయ్యి వెలిగించరు. అడుగు సాపుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుందని మాస్టారు ప్రతి బ్యాచికీ నిలబెట్టి మరీ చూపించారు. ప్రతి బ్యాచీ ఆయన మాట పరీక్షలో రాసింది, వాళ్లమ్మల మాట ఇంట్లో పాటించింది.

విశ్వప్రకాశ్ గారు కారు దిగారు. అదే తెల్లచొక్కా. గదిలో తెర వెలిగింది. 'ప్రత్యక్ష ప్రసారం' అని అక్షరాలు వచ్చాయి. రాష్ట్రంలో ఉన్న బళ్లన్నీ ఒకేసారి చూడబోయాయి కాబట్టి ప్రసారం అక్కడే ఆగింది. తెర నల్లబడి, మధ్యలో తోక ఉన్న తెల్లటి చక్రం ఒకటి గిరగిరా తిరగసాగింది. కింద 'నలభై శాతం' అని పడింది.

పిల్లలు ఊపిరి బిగపట్టారు.

"సార్, అదేనా గ్రహణం?" అని అడిగింది ముందు బెంచీలో మహబూబ్‌బీ.

మాస్టారు నోరు తెరిచేలోగా విశ్వప్రకాశ్ గారు అందుకున్నారు. ప్రసారం ఆగిందని ఒప్పుకోవడం ఆయన హోదాకు తగదు.

"ఇది ప్రారంభ దశ. నిశితంగా పరిశీలించండి."

"తోక ఉంది సార్!"

"ఉంటుంది. ఏమేం గమనించారో మనసులో నమోదు చేసుకోండి."

పిల్లలు నమోదు చేసుకున్నారు. చక్రం తిరుగుతూనే ఉంది. దాన్ని చూసీ చూసీ వెనక బెంచీల వాళ్లు కునికిపాట్లు మొదలుపెట్టారు. విశ్వప్రకాశ్ గారికి ఖాళీగా ఉన్న శ్రోతల్ని చూస్తే ఊరుకోవడం చేతకాదు. పిల్లలకూ, వెనక గోడ వెంటిలేటరుకూ వీపు పెట్టి, తెరకేసి చెయ్యి చాపి ప్రసంగం ఎత్తుకున్నారు.

"చూడండి బాలలారా! పూర్వం గ్రహణం చూడాలంటే బయటికి వెళ్లవలసి వచ్చేది. ఎంతటి శ్రమ! అభ్యసన ప్రక్రియలో సూర్యుని పాత్ర ఇక సహాయకం మాత్రమే."

ఆయన ఇలా అంటుండగా, కునికే తలలు ఒక్కటొక్కటే పైకి లేచాయి. అందరి కళ్లూ ఆయన మీదే. ఆయన తెరకేసి నడిచినా, తెరనుంచి వెనక్కి జరిగినా కళ్లు ఆయన్ని వదల్లేదు. భుజం మీదుగా ఓరకంట చూస్తే, జీవితంలో ఇంత శ్రద్ధగా తనను ఎవరూ వినలేదని ఆయనకు అర్థమై, గొంతు పెంచి పచార్లు చెయ్యసాగారు.

మాస్టారు గది చివర గోడకు ఆనుకుని ఉన్నారు. పిల్లలు ఏం చూస్తున్నారా అని ఆయనా చూశారు. వెంటిలేటరు రేకు కొట్టేటప్పుడు వడ్రంగి ఒక మేకు తప్పుగా దింపి పీకేసినట్టున్నాడు. ఆ బెజ్జంలోంచి సన్నటి వెలుగు గీత ఒకటి చీకటి గదిలోకి దిగి, అధికారి గారి తెల్లచొక్కా వీపు మీద పడుతోంది. రూపాయి బిళ్లంత వెలుగు. గుండ్రంగా కాదు. ఎలక కొరికిన అప్పచ్చిలా ఒక పక్క వంపుగా తెగి ఉంది. ఆ తెగిన భాగం మెల్లమెల్లగా పెరుగుతోంది.

మిఠాయి డబ్బాలో చూపిద్దామనుకున్నదానికి గదంత డబ్బా తయారైపోయింది, అందులో పిల్లలతో సహా. ఆయన మూసిన కిటికీలే ఆ చీకటిని తయారుచేశాయి.

విశ్వప్రకాశ్ గారు మాట మధ్యలో వెనక్కి తిరిగారు. వెలుగు జేబు మీద పడింది.

"ఏమిటిది? కాంతి చొరబాటు! తెర స్పష్టత దెబ్బతింటోంది. మాస్టారూ, ఆ రంధ్రాన్ని తక్షణం మూయించండి!"

అలమరలో బోర్డు తుడిచే గుడ్డ ఉంది. మాస్టారు దాన్ని అందుకుని బెంచీ ఎక్కారు. చెయ్యి పైకెత్తారు. వెలుగు ఆయన చేతి మీద పడింది. గుడ్డ పట్టుకున్న వేళ్ల మీద వేలిగోరంత నెలవంక, తలకిందులుగా. ఎన్నేళ్లకు దొరికిన సూర్యగ్రహణం! కింద పిల్లలందరూ ఆయన చేతికేసే చూస్తున్నారు. చేతిలో గుడ్డపేలిక, ఎదురుగా కన్నం. నాయనమ్మ పిచ్చమ్మే తన రూపంలో బెంచీ ఎక్కి నిలబడ్డట్టు ఆయనకు తోచింది. ఆవిడైనా రాహువుకు భయపడింది. తాను భయపడింది దేనికి? సన్నంచు మెరూన్ శాలువాకు.

"ఏమైంది మాస్టారూ? త్వరగా!"

మాస్టారు గుడ్డను జేబులో కుక్కుకున్నారు.

"అయ్యా, మూస్తే ఇబ్బందండి. ఇది దర్శినిలో భాగమే."

"భాగమా?"

"ఆఫ్‌లైన్ మోడ్ అండి."

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆయన అనుకోలేదు. విశ్వప్రకాశ్ గారు బెజ్జాన్ని ఎగాదిగా చూశారు. తనకు తెలియని సదుపాయం ఉందని చెప్పడం ఆయన హోదాకు ఇంకా తగదు.

"అవునవును. ఆఫ్‌లైన్ మోడ్. నెట్ వినియోగం?"

"బొట్టు కూడా ఖర్చవదండి."

"బ్యాటరీ?"

"సూర్యుడున్నంత కాలం వస్తుందండి."

"అద్భుతం! అయితే నేను వీపు ఇలా పెట్టి నిలబడతాను. పిల్లలకు తెరగా ఉపయోగపడుతుంది."

అలా సమన్వయాధికారి గారు గంటసేపు వెలుగుతో పాటే జరుగుతూ నిలబడి రాష్ట్రంలోకెల్లా మంచి తెర అయ్యారు. పిల్లలు ఆయన వీపు మీద గ్రహణం పట్టడం చూశారు, సన్నటి కొడవలిగా మిగలడం చూశారు, మెల్లగా విడవడం చూశారు. మాస్టారు బొమ్మ తలకిందులు ఎందుకైందో, వెలుగు ఎలా దిగిందో ఆపకుండా చెప్పారు. చెబుతూ చెబుతూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ గుడ్డకు సుద్దపొడి ఉండడం వల్ల మరింత నీరు కారింది.

చొక్కా మీద సూర్యుడు మళ్లీ నిండుగా గుండ్రమయ్యాడు. తెర మీద చక్రం మాత్రం నలభై శాతం దగ్గరే తిరుగుతోంది.

"ఇక గ్రహణం విడిచింది కదండీ, పిల్లలకు అన్నం వేళైంది" అన్నారు మాస్టారు.

విశ్వప్రకాశ్ గారు గంభీరంగా తల అడ్డంగా ఊపారు. "ఆఫ్‌లైన్లో విడిచింది. ఆన్‌లైన్లో విడవలేదు. నూరు శాతం కాకుండా గది వదిలితే ఈ పాఠశాలలో గ్రహణం జరగనట్టే నమోదవుతుంది. పైవారిని సంప్రదిస్తాను."

ఆయన ఫోను పట్టుకున్నారు. పైవారు ఆ పైవారికి పంపారు. పిల్లల కడుపులో ఎలుకలు పరిగెత్తడం మాస్టారికి వినబడుతోంది. పోనీ పళ్లేలు గదిలోకే తెప్పిద్దామని వంటగదికి పరిగెత్తారు. పొయ్యి చల్లగా ఉంది. బియ్యం కడిగి పెట్టి ఉన్నాయి. పళ్లెంలో రోకలి ధ్వజస్తంభంలా నిలబడి ఉంది. వెంగమ్మ దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏంది వెంగమ్మా, ఇంకా ఎసరు పెట్టలేదా? బయట ఎండ చూడు!"

"ఎండ సంగతి నాకేం తెలుసు మాస్టారూ. రోకలి పడలా. అడిగితే మీ పెద్దాయన గూడా ఇంకా ఇడవలేదన్నాడు. ఇద్దరూ ఒకమాట మీదున్నప్పుడు నేనెట్టా ఎలిగిచ్చేది?"

మాస్టారు అటు గదిలో తిరిగే చక్రాన్ని, ఇటు నిలబడ్డ రోకలిని మార్చి మార్చి చూశారు. రోకలి అడుగు సాపుగా ఉంది. వెంగమ్మ నిలబెట్టింది కూడా నిబ్బరంగా. ఆయన పాఠంలో చెప్పినట్టే, ఆ రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మర్నాటికీ నిలబడుతుంది. సర్వీసంతా తాను రుజువు చేసిన సత్యమే పిల్లల అన్నానికి అడ్డంగా నిలబడింది.

ఆయన చుట్టూ చూసి, పంచె సర్దుకుంటున్నట్టు వంగి, మోచేత్తో ఒక్కటిచ్చారు. రోకలి దబ్బున పడింది. నీళ్లు ఆయన కాళ్ల మీద చిందాయి.

"పడిపోయింది వెంగమ్మా! దానంతటదే!" అన్నారు మాస్టారు, సైన్సు మాస్టారు.

వెంగమ్మ ఆయన తడిసిన పంచె అంచు చూసింది, మోచేయి చూసింది.

"చూశా లెండి. ఇన్నేళ్లూ రోకలికి మహిమ లేదు, లేదు అంటిరి. ఇయ్యాలకి నమ్మకం కుదిరిందన్నమాట!"

"కుదిరింది తల్లీ, కుదిరింది. ముందు పొయ్యి వెలిగించు."

ఆవిడ నవ్వుతూ పొయ్యిలో ఒక మిఠాయి డబ్బా తోసి అగ్గిపుల్ల గీసింది. బెజ్జం పొడిచిన డబ్బా చాలా చక్కగా అంటుకుంది.

పిల్లలు చక్రం ఎదురుగానే పప్పన్నం తిన్నారు. విశ్వప్రకాశ్ గారు, తాను మూఢనమ్మకాలు పాటించనని చెప్పి, విడవని గ్రహణంలోనే రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. పొద్దు గుంకే వేళకు పైవారి నుంచి సందేశం వచ్చింది: 'రేగులపాడులో గ్రహణం విడుపునకు అనుమతించడమైనది.' అప్పటికి అసలు సూర్యుడు అస్తమించి, ఎవరి అనుమతీ అడగని చీకటి పడింది.

తర్వాత జరిగిందంతా ఉత్తర్వుల ప్రకారమే జరిగింది. ఆఫ్‌లైన్ మోడ్ రాష్ట్రమంతటా ప్రవేశపెట్టారు. ప్రతి బళ్లో ఒక అధీకృత రంధ్రం ఉండాలన్నారు. రేకు లేని బళ్లకు ముందు రేకు, తర్వాత రంధ్రం మంజూరు చేశారు. ఉత్తరం వైపు గదుల వాళ్లు మాకు ఎండ రాదు మొర్రో అంటే, రంధ్రం ముఖ్యం, ఎండ స్థానిక సమస్య అన్నారు. అంకమ్మరావు మాస్టారికి మళ్లీ సన్మానం చేశారు. ఈసారి నీలం శాలువా, జరీ అంచు. ఇంటికి తెచ్చి చూస్తే ఆ జరీ గుచ్చుకుని మెడంతా దద్దు తేలింది.

ఆయన రిటైరయ్యే నెలలో పాఠశాలకు ఒక రిజిస్టర్డు పార్సిలు వచ్చింది. అధీకృత రంధ్రాల్లోంచి దుమ్ము, వాన, అనధికార కాంతి లోపలికి రాకుండా, రంధ్రంలో కుక్కి ఉంచడానికి బడికి ఒక్కొక్క గుడ్డముక్క పంపారు. పై ఉత్తర్వు లేనిదే తీయరాదు. మాస్టారు దాన్ని వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశారు. నాయనమ్మ గుడ్డకు ప్రభుత్వ ముద్ర లేదు. అంతకు మించి తేడా ఏదీ ఆయన శాస్త్రదృష్టికి అందలేదు.

ఆ గుడ్డతో ప్రయోగశాల బీరువా మీది బూజు దులిపి, తాళం తీశారు. పదో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. లోపల చీకట్లో అయస్కాంతం, ఇంతకాలం లాగిన్ అవకుండానే, చుట్టూ ఉన్న గుండుసూదులన్నింటినీ ఒళ్లంతా అంటించుకుని ముళ్లపందిలా కూర్చుని ఉంది.